నడవమంటారు సరే... ఎక్కడ నడవాలి?

"రోజూ ఒక అరగంట నడవండమ్మా!"

ఈ మాట వినని ఆడవాళ్ళు ఈ రోజుల్లో ఎవరైనా ఉన్నారా? షుగరొచ్చినా ఇదే మాట. బీపీ వచ్చినా ఇదే మాట. ఒళ్ళు పెరిగినా, మోకాళ్ళు పట్టేసినా, రాత్రిళ్ళు నిద్ర పట్టకపోయినా చివరికి డాక్టర్లు చెప్పేది ఇదే. చీటీ మీద మందులన్నీ రాసి, అడుగున గీత గీసి మరీ 'వాకింగ్' అని రాస్తారు. మాత్రలు మందుల షాపులో దొరుకుతాయి. మరి నడక ఎక్కడ దొరుకుతుంది?

నవ్వులాటకు అడగడం లేదు. మా భూపాలపల్లి లాంటి ఊళ్ళల్లో ఉండే ఆడవాళ్ళు నిజంగానే అడగవలసిన ప్రశ్న ఇది. మా ఊరి మీదుగా జాతీయ రహదారి పోతుంది. ఇటు పరకాల, అటు కాళేశ్వరం. ఆ దారిలో బస్సులు, కార్లతో పాటు బొగ్గు టిప్పర్లు, గోదావరి ఇసుక లారీలు. కొంగుతో ముక్కు మూసుకున్నా బండి లేపిన దుమ్ము ఆగుతుందా? తెల్లవారకముందే పోదామంటే కుక్కల భయం. పొద్దుగూకాక పోదామంటే "ఇప్పుడేం నడక?" అని ఇంట్లోవాళ్ళ గొణుగుడు. మధ్యలో ఉన్న టైమంతా స్టవ్ ముందే గడిచిపోతుంది. ఇంటాయనది గనిలో ఉద్యోగమైతే ఇక చెప్పేదేముంది? ఫస్టు షిఫ్టుకు ఒక వంట, సెకండు షిఫ్టుకు ఒక వంట, నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్నవారికి నిద్ర చెడకుండా మరో పద్ధతి!

ఇన్ని ఉన్నా, నడవకపోతే తప్పు మనదేననుకుంటాం. "నీకు బద్ధకం" అని ఎవరైనా ఎగతాళి చేస్తే మనమూ నవ్వేస్తాం. ఈ సంగతి గురించి కాస్త చదివి, కాస్త తిరిగి చూశాక నాకు తోచింది చెబుతాను. నడకకు పట్టుదల ఉండాలి, నిజమే. కానీ దానికంటే ముందు నేల ఉండాలి. మంచినీళ్ళ కుళాయిలాగా, వీధి దీపంలాగా అది కూడా ఊరు సమకూర్చవలసిన వసతి. కుళాయిలో నీళ్ళు రాకపోతే బిందె పట్టుకుని అడుగుతాం కదా! నడిచే దారి లేకపోతే ఎందుకు అడగం?

ఇంటిపని చాలదా?

"పొద్దున లేచిందగ్గర్నుంచి ఇంట్లో తిరుగుతూనే ఉంటం. మళ్ళా వేరే నడకేంది?" అని చాలామంది అక్కలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన అమ్మమ్మలు వడ్లు దంచారు, తిరగలి తిప్పారు, బావిలో నీళ్ళు చేదారు, కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని మైళ్ళు నడిచారు. వాళ్ళకు వేరే వ్యాయామం చెప్పవలసిన అవసరం లేకపోయింది. ఇప్పుడు దంచడం మిల్లులో, రుబ్బడం మిక్సీలో, నీళ్ళు మోటారుతో. మనకు పని గంటలేమీ తగ్గలేదు. గుండె కాస్త వేగంగా కొట్టుకునే పని మాత్రం తగ్గిపోయింది. గంటలకొద్దీ నిలబడి వండితే నడుం నొప్పి వస్తుంది, అలసట వస్తుంది. గుండెకూ ఊపిరితిత్తులకూ కావలసిన కసరత్తు మాత్రం అందులో అంతగా ఉండదు.

పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు చెబుతున్నాయి. అంటే వారంలో అయిదు రోజులు, రోజుకో అరగంట చురుకైన నడక. చురుకు అంటే ఎంత? నడుస్తూ పక్కనున్న మనిషితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంతే లెక్క. ఆ అరగంట ఒకే విడతలో కావాలనీ లేదు. కూరగాయలకు నడిచిన పది నిమిషాలు, పిల్లల్ని బడి నుంచి తెచ్చిన పది నిమిషాలు అన్నీ కలుస్తాయి.

ఇప్పుడు ఒక అంకె చూడండి. 2024 జూన్‌లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, 2022లో మన దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు సగం మంది ఈ మాత్రం శ్రమ కూడా చేయడం లేదు. మగవాళ్ళలో అలాంటివారు 42 శాతం. ఆడవాళ్ళలో 57 శాతం! ఆ పదిహేను శాతం తేడా మన బద్ధకమేనంటారా? మగవాడు బనియన్ మీద కూడా వీధిలోకి పోగలడు. మనం చీర సర్దుకుని, గిన్నెలు సర్ది, పిల్లల్ని సర్ది, ఎవరేమనుకుంటారోనన్న మాటను కూడా మనసులో సర్దుకుని గడప దాటాలి. దాటాక దారీ బాగుండకపోతే మర్నాడు కాలు కదులుతుందా?

భారత వైద్య పరిశోధన మండలి అండతో జరిగిన అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లు దాటారు. పెద్దవాళ్ళలో ప్రతి నూరుమందిలో 35 మందికి రక్తపోటు. మందులకయ్యే ఖర్చు మన ఇంట్లోంచే పోతుంది. ఆ జబ్బుల్ని కొంతైనా వాయిదా వేసే దారి మాత్రం ఇంట్లో లేదు, వీధిలో ఉంది.

కాలనీ దాటితే...

బొగ్గుగని ఊళ్ళల్లో ఉన్నవాళ్ళకు ఒక సంగతి బాగా తెలుసు. సింగరేణి కాలనీలు ఒక తీరు, బయటి బస్తీలు మరో తీరు. కంపెనీ క్వార్టర్లు కట్టినప్పుడే వీధుల వరస చూసుకుంది. చెట్లు పెట్టింది. కమ్యూనిటీ హాలు, ఆటస్థలం, పార్కు అని స్థలం వదిలింది. కార్మికుల ఆటలకు 'వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్' అని ఒక సంఘమే ఉంది. ఏరియాల మధ్య పోటీలు పెడతారు. గనిలో దిగే మనిషికి ఒంట్లో సత్తువ కావాలి, మనసుకు ఊరట కావాలి. అది కంపెనీకి తెలుసు కాబట్టి దానికి పద్దు రాసి డబ్బు పెట్టింది.

బయటి ఊరు అలా పెరగలేదు. భూపాలపల్లి 2012లో నగర పంచాయతీ అయింది. 2016 అక్టోబరు 11న జయశంకర్ జిల్లాకు కేంద్రమయింది. కలెక్టరేట్ వచ్చింది, ఆఫీసులొచ్చాయి, అద్దెలు పెరిగాయి, బండ్లు పెరిగాయి. కొత్తగా జిల్లా కేంద్రాలైన ఊళ్ళన్నిటి కథా ఇంతే. జనగామ అయినా, మహబూబాబాద్ అయినా అంతే. ప్లాట్లు పడ్డచోటల్లా ఇళ్ళు లేస్తాయి. ఇళ్ళ మధ్య పిల్లలు ఆడుకోవడానికి, ఆడవాళ్ళు నాలుగడుగులు వేయడానికి స్థలం మిగలదు.

చెట్ల నీడన తీరైన వీధి ఉన్నచోట సాయంత్రం ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా ఆడవాళ్ళు నడుస్తూ కనిపిస్తారు. లారీల రోడ్డు పక్కన ఉన్నచోట కనిపించరు. మనుషుల్లో తేడా ఏముంది? ఇద్దరిదీ ఒకే నీళ్ళు, ఒకే తిండి. నేలలోనే తేడా. ఎవరో ఒకరు ముందుచూపుతో డబ్బు పెట్టిన నేల ఒకటి, పెట్టని నేల మరొకటి.

పొరుగునే వరంగల్ సంగతి చూడండి. 2015లో మొదలైన కేంద్ర వారసత్వ నగరాల పథకం 'హృదయ్' కింద ఎంపికైన 12 ఊళ్ళల్లో అదీ ఒకటి. ఆ డబ్బుతో భద్రకాళి చెరువు కట్టను బాగుచేసి నడక దారి వేశారు. కట్ట ఎప్పటినుంచో ఉంది, చెరువు ఎప్పటినుంచో ఉంది. దారి వేశాకే కుటుంబాలు కదిలి వచ్చాయి.

తొమ్మిది రోజుల వెలుగు

మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఆడవాళ్ళ కోసం ఊరంతా నేల చదును చేసే అలవాటు తెలంగాణలో ఎప్పటినుంచో ఉంది. అదే బతుకమ్మ! ఎంగిలిపూల నాటినుంచి సద్దులదాకా తొమ్మిది రోజులు. గుడి ముందరో, చెరువు గట్టునో చెత్త ఎత్తుతారు, గుంతలు పూడుస్తారు, కరెంటు స్తంభాలకు లైట్లు కడతారు. 2014లో దీన్ని రాష్ట్ర పండుగ చేశాక సర్కారు ఏర్పాట్లు ఇంకా పెరిగాయి.

ఆ తొమ్మిది రోజులూ మనం చేసేదేమిటి? తంగేడు, గునుగు, బంతిపూల బతుకమ్మలను మధ్యలో పెట్టి, వంగి లేస్తూ, చప్పట్లు కొడుతూ, గుండ్రంగా అడుగులేస్తూ గంటసేపైనా తిరుగుతాం. ఏ డాక్టరు చెప్పిన వ్యాయామానికైనా ఇది తీసిపోతుందా? ముసలమ్మ నుంచి మూడేళ్ళ పాపదాకా అందరూ ఉంటారు. రాత్రి పదింటికి ఇల్లు చేరినా "ఇంతసేపేంది?" అని ఎవరూ అడగరు. ఎందుకంటే వెలుతురుంది, తోడుంది, ఊరి ఒప్పుదల ఉంది.

అంటే ఏమిటన్నమాట? నేల, వెలుతురు, తోడు ఈ మూడూ ఉంటే ఆడవాళ్ళు కదులుతారని మనకు ఏటేటా రుజువవుతూనే ఉంది. మరి మిగిలిన మూడు వందల యాభై ఆరు రోజుల మాటేమిటి? పండుగకు వేసిన లైటు పండుగ మర్నాడు ఎందుకు దిగాలి?

మైదానం ఉంటే చాలునా?

కొంత ప్రయత్నం జరగలేదని అనను. 2019 సెప్టెంబరులో మొదలైన పల్లెప్రగతిలో ఊరూరా పల్లె ప్రకృతి వనాలు పెట్టారు. 2020 ఫిబ్రవరిలో పట్టణప్రగతి వచ్చింది. 2022 జూన్ 2న తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టారు. ఖోఖో, వాలీబాల్, లాంగ్ జంప్ కోర్టులతో ప్రతి ఊరికీ ఒక ఆటస్థలం ఉండాలన్నది ఆలోచన. మంచిదే. ఇక మన ఊళ్ళల్లో ఏ మైదానం దగ్గరికైనా సాయంత్రం ఒకసారి వెళ్ళి చూడండి. ఎవరు ఆడుతున్నారు? బ్యాటు పట్టిన మగపిల్లలు. ఆడపిల్లలు గోడ పక్కనో, అసలు ఇంట్లోనో!

ఇది మన ఒక్క ఊరి సమస్య కాదు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1990లలో ఇదే సంగతి గమనించారు. తొమ్మిదేళ్ళు దాటగానే ఆడపిల్లలు పార్కులకు రావడం బాగా తగ్గిపోతోందట. ఎందుకని చూస్తే, పార్కు మధ్యలో ఒకే పెద్ద మైదానం. దాన్ని బంతాట ఆడే మగపిల్లలు ఆక్రమించుకుంటే ఆడపిల్లలు పోట్లాడక వెనక్కి తగ్గుతున్నారు. 1999లో రెండు పార్కుల్ని మార్చి కట్టారు. ఒకే పెద్ద స్థలాన్ని చిన్న చిన్న భాగాలు చేశారు, నడిచే దారులు పెంచారు, వాలీబాల్, బ్యాడ్మింటన్ ఆడే చోట్లు కల్పించారు. ఆడపిల్లలు తిరిగొచ్చారు! ఎవర్నీ తరమలేదు, ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు.

మైదానానికి డబ్బు పెట్టేటప్పుడు "ఇక్కడికి ఎవరొస్తారు? రానివాళ్ళు ఎందుకు రారు?" అని ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం డబ్బు వృథా కాదు. అందులో నీళ్ళున్న మరుగుదొడ్డి, కూర్చునే బల్ల, నేర్పడానికి ఒక మహిళా కోచ్ ఉంటే ఎంతమంది తల్లులు కూతుళ్ళను పంపరు?

రెండు చక్రాల ధైర్యం

ఆరోగ్యం కోసం ప్రత్యేకంగా నడవడం ఒకటి. పని మీద పోతూనే ఒంటికి శ్రమ ఇవ్వడం ఇంకొకటి. ఈ రెండోదానిలో సైకిలుకు మించిందేముంది?

తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా పేరు వినే ఉంటారు. 1991లో అక్కడ 'అరివొలి' అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ చదువుతో పాటు ఆడవాళ్ళకు సైకిలు నేర్పడం కూడా అందులో చేర్చారు. కూలికి పోయేవాళ్ళు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, అంగన్‌వాడీ కార్యకర్తలు, టీచర్లు... లక్షమందికి పైగా స్త్రీలు సైకిలెక్కారని అప్పట్లో పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. లేడీస్ సైకిళ్ళు దొరక్కపోతే మగవాళ్ళ సైకిళ్ళే కొనుక్కున్నారు. ముందున్న కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు కదా అన్నారట! బస్సు కోసం, భర్త కోసం, అన్న కోసం ఎదురుచూసే బాధ తప్పింది.

బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళు కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది. కార్తిక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్కలు చూస్తే, హైస్కూల్లో ఆ వయసు ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందని, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గిందని తేలింది. సైకిలు కాళ్ళకే కాదు, చదువుకూ బలమే.

మన హైదరాబాద్‌లో అవుటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరు 1న మొదలైంది. పైకప్పంతా సౌర పలకలే. ముచ్చటైనదే. కానీ కొడవటంచ జాతరకు పోయే మనిషికో, రేషన్ బియ్యం తెచ్చుకునే మనిషికో కావలసింది బడి, బజారు, బస్టాండు, దవాఖానా మధ్య భయంలేని రెండు కిలోమీటర్ల దారి.

నడిచేవారి ప్రాణం

మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు ఉచిత ప్రయాణం. ఎంత సంబరపడ్డాం! ఇంట్లోంచి బయటికొచ్చే ఆడవాళ్ళు పెరిగారు. అయితే ప్రతి బస్సు ప్రయాణం నడకతోనే మొదలై నడకతోనే ముగుస్తుంది. బస్సులో టికెట్ లేదు గానీ, బస్టాపుదాకా పోయే దారిలో ప్రాణానికి పూచీ ఉందా?

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 32,825 మంది నడిచి పోయేవాళ్ళు. బండి లేనందుకు, తప్పు చేయనందుకు పోయిన ప్రాణాలెన్నో! నడకదారి ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే నియమాలు రాసింది. అడ్డంకులేవీ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. అప్పుడే మోకాళ్ళ నొప్పుల పెద్దమ్మ ఎక్కగలదు, చంకలో బిడ్డతో తల్లి దిగగలదు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. ఫుట్‌పాత్ వాడుకునే హక్కు, రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనంది. అంటే మనం అడిగేది దయ కాదన్నమాట.

డబ్బెక్కడిది?

"ఇవన్నీ బాగానే ఉన్నయి. పైసలు ఏడికెళ్ళి వస్తయి?" అనే ప్రశ్న ఎలాగూ వస్తుంది. చెబుతాను.

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణలోని పన్నెండో షెడ్యూలు మున్సిపాలిటీలకు అప్పగించగల పనుల పట్టిక. అందులో రోడ్లున్నాయి, వీధి దీపాలు, బస్టాపులున్నాయి, పార్కులు, తోటలు, ఆటస్థలాలూ ఉన్నాయి. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలి. ఆ మొక్కలు నడకదారి పక్కన నాటితే ఒకే డబ్బుతో నీడా వస్తుంది, నడకా వస్తుంది.

ఇక గనులున్న జిల్లాలకు ఇంకో నిధి ఉంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి, గనులున్న ప్రతి జిల్లాలోనూ జిల్లా ఖనిజ నిధి ట్రస్టు పెట్టాలన్నారు. గని తవ్వేవాళ్ళు రాయల్టీతో పాటు అందులో వాటా కట్టాలి. ఆ నిధిలో పెద్ద భాగం తాగునీరు, పర్యావరణం, ఆరోగ్యం, చదువు, స్త్రీ శిశు సంక్షేమం వంటి ముఖ్య అవసరాలకే ఖర్చు పెట్టాలి. 2015లో ఆ భాగం కనీసం 60 శాతం అన్నారు. 2024లో సవరించిన నిబంధనల్లో 70 శాతానికి పెంచారు. మన కాళ్ళ కింది బొగ్గు నుంచి వచ్చిన సొమ్ములో మన కాళ్ళు నడిచే దారికి కొంత అడిగితే అన్యాయమా?

అసలు కొన్నిటికి డబ్బే అక్కర్లేదు. దక్షిణ అమెరికాలోని బొగోటా నగరంలో 1974 నుంచీ ఆదివారాలు కొన్ని రోడ్ల మీద బండ్లు ఆపి నడిచేవారికి, సైకిళ్ళకు వదిలేస్తున్నారు. అది పెరిగి పెరిగి వంద కిలోమీటర్లు దాటింది. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద 2021 ఆగస్టులో ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపితే పిల్లాపాపలతో ఎంతమంది వచ్చారో తెలిసిందే. పెద్ద రహదారిని ఆపలేం, నిజమే. ఊళ్ళో ఒక లోపలి వీధిని వారానికి రెండు గంటలు ఆపలేమా? బడి మైదానం గేటు సాయంత్రం ఆరు నుంచి ఏడున్నరదాకా ఆడవాళ్ళ కోసం తెరిచి ఉంచడానికి ఎంత ఖర్చవుతుంది?

ఎలా అడగాలి?

ఊరికే "వసతులు కల్పించండి" అంటే కాగితం ఫైల్లో పడుకుంటుంది. పేరు పెట్టి, కొలత పెట్టి అడగాలి.

• ముందు మీ వాడలో నలుగురు కలిసి ఒక సాయంత్రం నడవండి. ఎక్కడ లైటు లేదు, ఎక్కడ మోరీ మీద బండ లేదు, ఎక్కడ రోడ్డు దాటడం కష్టం – కాగితం మీద రాయండి.

• ఒకేసారి ఊరంతా అడగకండి. బడి నుంచి బస్టాపుదాకా ఒక కిలోమీటరు నడకదారి అడగండి. వెడల్పు 1.8 మీటర్లు అని రాయండి.

• ఆటస్థలం అడిగితే దాంతో పాటే లైటు, మరుగుదొడ్డి, మంచినీళ్ళు, బల్లలు, ఆడపిల్లలకు కేటాయించిన సమయం అడగండి. కట్టడానికే కాకుండా ఏటా బాగుచేయడానికీ పద్దు అడగండి. విరిగిన ఊయల, తుప్పుపట్టిన జిమ్ము ఎవరికి కావాలి?

• 2019 చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలి. అందులో ఒకటి మహిళలదే. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో కనుక్కోండి. పల్లెలో అయితే గ్రామసభ ఉంది.

• సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో దరఖాస్తు ఇవ్వండి. రసీదు మరిచిపోవద్దు. పార్కులకు, నడకదారులకు ఎంత కేటాయించారో, ఎంత ఖర్చు పెట్టారో 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఒక్కరే పోతే "చూద్దాంలే అమ్మా" అంటారు. మహిళా సంఘంగా పోతే కుర్చీ వేసి మాట్లాడతారు. పొదుపు కోసం వారం వారం కూర్చునే అలవాటు మనకు ఉండనే ఉంది. అప్పుల లెక్కతో పాటు అడుగుల లెక్క కూడా ఒక పది నిమిషాలు మాట్లాడుకుంటే పోలా?

దసరా ముందర మళ్ళీ నేల చదునవుతుంది, లైట్లు వెలుగుతాయి. ఈసారి సద్దులనాడు పాట అయిపోయి, సత్తుపిండి పంచుకునే వేళ ఒక తెల్లకాగితం చేతికి తీసుకోండి. "ఈ లైటు ఇక్కడే ఉండనివ్వండి, ఈ నేల ఇలాగే ఉండనివ్వండి" అని రాసి అక్కడున్న అందరి సంతకాలూ పెట్టించండి. సంతకం రానివాళ్ళ వేలిముద్ర కూడా చెల్లుతుంది. వచ్చే సోమవారం కలెక్టరేట్‌కు నడిచే పొండి. ఏమంటారు?